జ్వరం రాకముందే మాట్లాడుకోవలసినవి

(బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు ఆదివారం కలుసుకున్నప్పుడు ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? వినపడకపోతే ముందుకు రండి. చంటిపిల్లలున్నవాళ్ళు తలుపు దగ్గర కూర్చోండి, మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తే మొహమాటపడకండి.

నన్ను పిలిచినప్పుడు వానాకాలం జ్వరాలు, జాగ్రత్తలు అన్న విషయం మీద మాట్లాడమన్నారు. జాగ్రత్తలు చెప్తాను. కానీ ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో పిల్లల్ని చూస్తూ ఉంటే నాకు బలంగా అనిపించిన మాట ఒకటుంది, ముందు అది చెప్పేస్తాను. చాలా ఇళ్ళలో జ్వరం మూడు రోజుల్లో తగ్గిపోతుంది, ఆ మూడు రోజుల్లో ఇంట్లో జరిగిన గొడవ మాత్రం నెలంతా నడుస్తుంది. ఎవరు సెలవు పెట్టాలి, రాత్రి ఎవరు మేలుకోవాలి, మందు ఎవరు పోశారు, ఎంత పోశారు, రెండో పిల్లని బస్సు ఎవరు ఎక్కించాలి, ఇవన్నీ పొద్దున్నే ఆరున్నరకి, నిద్రలేని కళ్ళతో, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ తేల్చుకుంటున్నాం. ఇవి అందరూ బాగున్న రోజున, నిమ్మళంగా కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు. నేను ఇవాళ ప్రధానంగా అడుగుతున్నది ఇదే.

జ్వరం ఎప్పుడో అనుకోకుండా వచ్చేది కదా, దానికి ముందే ఏర్పాటు ఏమిటి అంటారేమో. అనుకోకుండా ఏమీ రాదండీ. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలు విషయం, డేకేర్‌కి వెళ్ళే పిల్లలకి ఇంకా ఎక్కువ. ఒక్కో జలుబు వారం, పది రోజులు ఉంటుంది. మీకు ఇద్దరు పిల్లలుంటే, ఒకరిది ఇంకొకరికి అంటుకుంటే, ఏడాదిలో ఎన్ని రాత్రులు దగ్గు వింటూ గడుస్తాయో మీకే తెలుసు. ఇక్కడ జూన్‌లో బడులు, వానలు కలిసే మొదలవుతాయి, జూలై వచ్చేసరికి నా దగ్గర కూర్చోవడానికి చోటుండదు. వచ్చిన ప్రతి అమ్మా అడిగేది ఒకటే, ‘మా పిల్లకి ఇమ్యూనిటీ లేదా మేడం, ఏమన్నా టానిక్ రాయండి’ అని. బరువు సరిగా పెరుగుతూ, జబ్బుకీ జబ్బుకీ మధ్యలో హాయిగా ఆడుకుంటున్న పిల్లకి లోపమేమీ లేదు. కొత్త వైరస్‌లను ఒక్కొక్కటిగా ఎదుర్కొంటూ ఆ వయసు దాటాల్సిందే. కాబట్టి వచ్చే ఏడాది కూడా ఇదే ఉంటుందని లెక్క వేసుకోండి, మీ సెలవులూ ఆ లెక్కలోనే దాచుకోండి.

సెలవుల మాట వచ్చింది కాబట్టి అదే మాట్లాడదాం. ఇక్కడున్న చాలామందివి ప్రైవేటు ఉద్యోగాలు. కర్ణాటకలో 1961 నాటి షాపులు, వాణిజ్య సంస్థల చట్టం కింద ఏడాదికి 12 రోజుల అనారోగ్య సెలవు ఉంది. అది ఉద్యోగి ఒంట్లో బాగోలేనప్పుడు వాడుకోవడానికి. పిల్లకి జ్వరమొస్తే ఇంట్లో ఉండే హక్కు మనకి అలా రాసిపెట్టి లేదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసు మొత్తానికి 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది కానీ అది ఇక్కడి ఐటీ ఉద్యోగులకు దొరికేది కాదు. అందుకని ఏం జరుగుతోంది? తల్లి తన అనారోగ్య సెలవులన్నీ పిల్లల జ్వరాలకి ఖర్చు పెట్టేస్తోంది. తీరా తనకి జ్వరం వస్తే సెలవు ఉండదు, ల్యాప్‌టాప్ పక్కలో పెట్టుకుని మీటింగుల్లో కూర్చుంటుంది. ఆవిడ ఆఫీసులో, ‘ఎప్పుడూ సెలవే’ అన్న పేరు ఆవిడకే వస్తుంది, అదే కంపెనీలో పనిచేసే భర్తకి రాదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. ఇందులో ఎవరి చెడ్డతనమూ ఉండనక్కర్లేదు, ఎవరూ ముందుగా మాట్లాడుకోకపోతే పని దానంతట అదే అమ్మ మీదకి వెళ్ళిపోతుంది.

పరిష్కారం పెద్దదేమీ కాదు. ఆదివారం రాత్రి పది నిమిషాలు కూర్చోండి. ఈ వారంలో పిల్లలకు బాగోకపోతే సోమవారం, మంగళవారం ఎవరు ఉంటారు, బుధవారం ఎవరు, ఎవరి మీటింగు నిజంగా తప్పించుకోలేనిది, అది తేల్చుకోండి. ఇద్దరూ ఇంటి నుంచి పనిచేసేవాళ్ళయినా సరే, ‘ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం కదా’ అనుకోవద్దు. ఇంట్లో ఉండి పనిచేయడం వేరు, వాంతులవుతున్న పిల్లని చూసుకోవడం వేరు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు అని వంతులు వేసుకోండి. వంతు ఎవరిదో వాళ్ళే ఆ పూట డాక్టరుకు ఫోన్ చేస్తారు, మందు పోస్తారు, బట్టలు మారుస్తారు. రెండోవాళ్ళు మధ్యలో తొంగిచూసి ‘అలా కాదు, ఇలా’ అని చెప్పకూడదు. ఇది ముఖ్యంగా అమ్మలకు చెప్తున్నాను, ఆయన తనకు చేతనైనట్టు చేయనివ్వండి.

ఇంకో మాట. పొద్దున్నే ఒళ్ళు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ పోసి బడికి పంపేస్తారు కొందరు. పదకొండింటికి మందు దిగిపోతుంది, బడి నుంచి ఫోన్ వస్తుంది, ఔటర్ రింగ్ రోడ్ మీద ట్రాఫిక్‌లో ఏడుస్తూ వెళ్తారు. ఈలోపు ఆ పిల్ల పక్కన కూర్చున్న నలుగురికీ అంటించి ఉంటుంది. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపండి. పరీక్షలున్నాయి, అటెండెన్స్ పోతుంది అంటారు. ఒకటో తరగతి పరీక్ష కోసం జ్వరంతో పిల్లని కూర్చోబెట్టడం నాకు ఏ లెక్కన చూసినా సమంజసంగా లేదు.

ఇప్పుడు మందు సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, దయచేసి ఫోన్లు పక్కన పెట్టి వినండి. నాన్నలు ముఖ్యంగా.

పిల్లని తీసుకొచ్చిన నాన్నని నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. బరువెంత? ఆఖరిసారి మందు ఎప్పుడు పోశారు? ఏ సీసాలోది పోశారు? చాలామంది వెంటనే భార్యకి ఫోన్ చేస్తారు. ఈ మూడూ ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలిసి ఉండాలి, నానమ్మకీ తెలియాలి, పిల్లల్ని చూసుకునే ఆయాకీ తెలియాలి. ఎందుకో చెప్తాను. పిల్లలకి పారాసిటమాల్ మోతాదు వయసు బట్టి ఉండదు, బరువు బట్టి ఉంటుంది. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, మామూలుగా ఆరు గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగుసార్లు మించకూడదు. ఇంతవరకూ సులువే. చిక్కు ఎక్కడంటే, మందుల షాపులో అదే పారాసిటమాల్ మూడు రకాల బలాల్లో దొరుకుతుంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు ఉంటుంది, ఇంకో సిరప్‌లో అదే 5 మిల్లీలీటర్లకి 250 ఉంటుంది, చంటిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటుంది. పన్నెండు కిలోల పిల్లాడికి 180 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకుందాం. 120 సీసా అయితే ఏడున్నర మిల్లీలీటర్లు. ఆ ఏడున్నర అలవాటులో 250 సీసా నుంచి పోస్తే 375 వెళ్ళిపోతుంది, రెట్టింపు. అమ్మ ఆరింటికి పోసి ఆఫీసుకెళ్తుంది, నానమ్మకి తెలియక ఏడింటికి మళ్ళీ పోస్తుంది, పైగా జలుబు సిరప్ ఒకటి పోస్తే అందులోనూ పారాసిటమాల్ కలిసి ఉండొచ్చు. ఇదంతా కాలేయం మీద పడుతుంది. ఎవరూ నిర్లక్ష్యంగా చేయలేదు, ప్రేమతోనే చేశారు, ఒకరు చేసింది ఇంకొకరికి తెలియలేదు, అంతే.

అందుకని ఇంట్లో ఒకే బలం ఉన్న సీసా ఉంచుకోండి. వంటింటి చెంచాతో పోయకండి, సీసాతో వచ్చే కొలత మూతో సిరంజో వాడండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి, మందు పోసిన ప్రతిసారీ టైము, మోతాదు, జ్వరం ఎంత అన్నది దాని మీద రాయండి. వాట్సాప్‌లో పెట్టుకుంటాం అంటారు, పెట్టుకోండి, కానీ ఫోన్ చూడని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే కాగితమే మేలు. ఆ కాగితం నా దగ్గరకు తెస్తే నాకు సగం పని అయిపోయినట్టే. దగ్గు సిరప్‌లు మాత్రం మీ అంతట మీరు కొనకండి. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకూ సాధారణంగా అక్కర్లేదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

జ్వరం ఎంతన్నది చేత్తో పట్టుకుని చెప్పకండి, వంద రూపాయలో రెండొందలో పెట్టి డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. 100.4 ఫారన్‌హీట్ దాటితే జ్వరం. మూడు నెలలలోపు బిడ్డకి అంత ఉంటే మందు పోసి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి రండి, అర్ధరాత్రయినా సరే. పెద్ద పిల్లల్లో నంబరు కంటే పిల్ల ఎలా ఉందో చూడండి. 102 ఉన్నా మందు దిగాక లేచి కార్టూన్ చూస్తూ నీళ్ళు తాగుతుంటే నాకు పెద్ద టెన్షన్ లేదు. 100 ఉన్నా నీరసంగా పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకుండా ఉంటే బయల్దేరండి. రాత్రిపూట పిల్లల ఎమర్జెన్సీ మీ ఇంటికి దగ్గరలో ఎక్కడ ఉందో బాగున్నప్పుడే ఒకసారి వెళ్ళి చూసి రండి, ఈ ఊళ్ళో మ్యాప్‌లో నాలుగు కిలోమీటర్లు అంటే ఎంతసేపో చెప్పలేం. 108 ఇక్కడా అదే నంబరు. పిల్లల కోసమే ఉన్న ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, మెదడు, మానసిక జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్ పక్కనే ఉంది. చిన్న జ్వరాలకి మీ వార్డులో ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ ఉంటే అక్కడ ఉచితంగా చూస్తారు, మన ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కూడా ఈ మాట చెప్పండి.

విరేచనాలు. ఇది నాకు ఇష్టమైన విషయం, ఎందుకంటే ఇందులో ప్రాణం కాపాడేది డాక్టరు కాదు, ఇంట్లోవాళ్ళే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్నప్పుడు పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ అనే చోట శరణార్థుల మధ్య కలరా పాకింది. నేల మీద పడుకోబెట్టిన రోగులు, అయిపోతున్న సెలైన్ సీసాలు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రముల్లో పోయించి, రోగుల పక్కనున్న బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నారు. వందకి ముప్ఫై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకి తగ్గాయి. చదువుకున్నవాళ్ళే చేయాల్సిన పని కాదు, పక్కన కూర్చుని ఓపిగ్గా తాగించే మనిషి ఉంటే చాలని అక్కడ తేలింది. ఆయనకి పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

అలాంటి నీళ్ళే ఇవాళ మనం వాడే ఓఆర్ఎస్. దాని పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. ఒక గ్లాసులో కాస్త, ఇంకో గ్లాసులో కాస్త వేస్తే కొలత తప్పుతుంది. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి, ఏది కొన్నా దాని మీద రాసినట్టే కలపండి. కలిపింది 24 గంటల్లో అయిపోకపోతే పారబోయండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో నిమిషానికోసారి పట్టండి. గ్లాసు పెట్టి గటగటా తాగిస్తే మళ్ళీ వాంతే. ఇంకో సంగతి, ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో అట్టపెట్టెల్లో అమ్మే తీపి డ్రింకులు ఏళ్ళ తరబడి ఇళ్ళలోకి వచ్చాయి. అవి చక్కెర నీళ్ళు, విరేచనాలు పెంచుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు వీటి మీద ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుదల. ఆవిడకి మనందరం రుణపడి ఉన్నాం. కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. జింకు మందు రాస్తే 14 రోజులూ వేయండి, మూడో రోజున విరేచనాలు ఆగాయని ఆపేయొద్దు.

తిండి గురించి అత్తగారికీ కోడలికీ పడే తగాదా ఒకటి ఉంది. లంఖణం పరమౌషధం అని పెద్దవాళ్ళు అంటారు. పెద్దవాళ్ళ ఒంటికి ఒక పూట అది బాగానే ఉండొచ్చు, మూడేళ్ళ పిల్లకి పనికిరాదు. అలాగని మన పథ్యం తిండి తీసిపారేసేది కాదు. మెత్తటి అన్నంలో చారు, కాస్త నెయ్యి, ఇడ్లీ, రాగి జావ, పెసరపప్పు కట్టు, అరటిపండు, ఇంతకంటే నేను రాసే తిండి ఏముంది? మజ్జిగ జలుబు చేస్తుందన్న భయం అక్కర్లేదు. తల్లిపాలు తాగే బిడ్డకి పాలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దు. వీడియో కాల్‌లో కడప నుంచి అమ్మమ్మ చెప్పే మిరియాల చారు పెద్ద పిల్లలకి పెట్టండి, గొంతుకి హాయిగా ఉంటుంది. ఆవిరి పట్టడం మాత్రం పిల్లలకు వద్దే వద్దు. మరిగే నీళ్ళ గిన్నె ఒళ్ళో పడి కాలిన పిల్లల్ని చూశాను, జలుబుకి వచ్చిన బిడ్డ కాలిన గాయాలతో వారాల తరబడి ఆస్పత్రిలో ఉండటం ఏ అమ్మా చూడకూడదు.

డెంగీ. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. మన బాల్కనీ పూలకుండీల కింద పళ్ళాలు, వాడని బకెట్లు, ఏసీ నీళ్ళ డబ్బాలు, ఆ దోమ పుట్టేది అక్కడే, కుట్టేది పగలు. నేను చెప్పదలుచుకున్నది కుటుంబానికి సంబంధించిన ఒక్క మాట. డెంగీలో ప్రమాదం జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, తగ్గాక. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్ళు అమ్మయ్య అనుకుని ఆఫీసుకి వెళ్ళిపోతారు, సెలవులూ సరిగ్గా అప్పుడే అయిపోయి ఉంటాయి. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులే మనిషి పక్కన ఉండాల్సింది. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా ఉండటం, చేతులు కాళ్ళు చల్లబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆస్పత్రికి. ప్లేట్‌లెట్లు ఎన్ని అన్న లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం అంతకంటే పెద్ద పని. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేయకండి. కాబట్టి సెలవులు పంచుకునేటప్పుడు మొదటి రెండు రోజులకే అన్నీ ఖర్చు పెట్టకుండా వెనక్కి కొన్ని ఉంచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. అమ్మకి జ్వరం వస్తే?

నేను పిల్లల డాక్టరుని, పెద్దవాళ్ళకి మందు రాయను. కానీ పిల్లని తీసుకొచ్చిన తల్లి చెయ్యి తగిలితే నాకు తెలిసిపోతుంది, పిల్ల కంటే తనకే ఎక్కువ జ్వరం ఉందని. ‘మీకెప్పటి నుంచి?’ అంటే ‘నాకేం ఫర్వాలేదు మేడం’ అంటుంది. పొద్దున లేచి పాలు కాచి, బాక్సులు కట్టి, పిల్లల్ని పంపి, ఆ తర్వాత డోలో వేసుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం కాస్త తగ్గితే గిన్నెలు కడుగుతుంది. ఇంట్లో అందరికీ జ్వరానికి పడక ఉంది, ఆవిడకి లేదు. అడిగితే, ‘నేను పడుకుంటే ఎవరు చేస్తారు’ అంటుంది. ఆ మాట నిజమే కాబట్టి ఇంకా బాధ. పడుకుంటే నిజంగానే పని ఆగిపోయేలా ఇల్లు నడుస్తోంది. ఇంటి పని అంతా ఒక్క మనిషి బుర్రలో ఉంటుంది, బియ్యం డబ్బాలో ఎంత ఉంది, చిన్నవాడి తెల్ల సాక్సులు ఎక్కడ ఉన్నాయి, గురువారం పీటీ డ్రెస్సు, మామగారి షుగరు మాత్ర భోజనానికి ముందా తర్వాతా. ఆవిడ పడుకున్నా ప్రతి ఐదు నిమిషాలకీ ఎవరో ఒకరు గది తలుపు దగ్గరకి వచ్చి అడుగుతారు. అది విశ్రాంతి కాదు కదా.

అయ్యా, ఇక్కడున్న భర్తలందరికీ చేతులెత్తి చెప్తున్నాను. ఆవిడ బాగున్నప్పుడు నెలకి ఒక ఆదివారం ఇల్లు మొత్తం మీరు నడపండి. అడక్కుండా. పప్పు ఎక్కడుందో వెతుక్కోండి, కుక్కర్ ఎన్ని విజిల్స్‌కి దింపాలో తెలుసుకోండి, ఏ పిల్లాడికి ఏ బాటిలో నేర్చుకోండి. అన్నం, చారు, గుడ్డు అట్టు వస్తే మూడు రోజులు గడిచిపోతాయి. అది కూడా వద్దనుకుంటే బయట నుంచి ఇడ్లీ తెప్పించండి, ఎవరూ తప్పుపట్టరు. మూడు రోజులు ఇల్లు ఊడవకపోతే ఏమీ కాదు. పిల్లలకి కూడా పని చెప్పండి. ఎనిమిదేళ్ళ పిల్లకి అమ్మ పక్కన నీళ్ళ సీసా నింపి పెట్టడం, ఫ్రిజ్ మీద కాగితంలో టైము రాయడం చేతనవుతుంది. ‘అమ్మకి బాగోలేదు, పడుకోనిద్దాం’ అన్న మాట చిన్నప్పుడే విన్న పిల్లలు రేపు వాళ్ళ ఇళ్ళలో అలాగే ఉంటారు.

మగవాళ్ళలో ఇంకో రకం ఉంది, ఛాతీ బరువుగా ఉన్నా గ్యాస్ అనుకుని ఎవరికీ చెప్పరు. చెప్పండి. ఇంట్లో ఒకరికి తెలియాలి.

మన తెలుగు వాళ్ళం ఈ ఊళ్ళో ఇంతమంది ఉన్నాం. ఊళ్ళో అయితే పక్కింటి పిన్ని గిన్నెలో చారు తెచ్చి పెట్టేది, ఇక్కడ తలుపులు మూసుకుంటే ఎవరికి బాగోలేదో తెలియదు. మీ బ్లాకులో నాలుగు ఇళ్ళు కలిసి ఒక మాట అనుకోండి. ఎవరింట్లో పడకేసినా మిగతా మూడు ఇళ్ళవాళ్ళూ పూటకొకరు భోజనం పంపాలి, బాగున్న పిల్లని బస్సు ఎక్కించాలి. అడగడానికి మొహమాటం కాబట్టి ముందే అనుకుంటే అడగనక్కర్లేదు.

ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ గురించి ఒక మాట. మన దగ్గర పనిచేసేవాళ్ళలో చాలామంది మడకశిర, కళ్యాణదుర్గం, రాయచూరు వైపు నుంచి వచ్చినవాళ్ళే. గార్మెంట్ ఫ్యాక్టరీలో నెలకి 21,000 లోపు జీతం ఉన్న మనిషికి ఈఎస్ఐ అనే ప్రభుత్వ బీమా ఉంటుంది, అర్హత ఉంటే జబ్బుపడ్డప్పుడు ఏడాదికి 91 రోజుల వరకూ జీతంలో 70 శాతం వస్తుంది. మన ఇంటి పనిమనిషికి అదేమీ లేదు. జ్వరంతో రాని రోజుకి జీతం కోస్తే ఆవిడ జ్వరంతోనే వస్తుంది, మన పిల్లలకే అన్నం కలుపుతుంది. నెలకి రెండు రోజులైనా జీతంతో సెలవు ఇవ్వండి, ఆవిడ బిడ్డకి బాగోకపోయినా అది వర్తించాలి.

దీర్ఘకాలపు జబ్బులు వేరే సంగతి. ఊరి నుంచి అమ్మనో నాన్ననో కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికో జయదేవ గుండె ఆస్పత్రికో తీసుకొచ్చి నెలల తరబడి పెట్టుకునే కుటుంబాలున్నాయి ఇక్కడ. అక్కడ చూసుకునే మనిషే ముందు కూలిపోతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు డబ్బు లెక్క మాట్లాడుకున్నంత స్పష్టంగా రాత్రుల లెక్కా మాట్లాడుకోవాలి. డబ్బు పంపితే సరిపోతుందనుకునే తమ్ముడు నెలకి నాలుగు రాత్రులు వచ్చి పడుకోవాలి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, రోగి మీద అరిచేయడం మొదలైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. దాని ముఖ్య కేంద్రం మన ఊళ్ళో నిమ్హాన్స్‌లోనే ఉంది.

ఇక అడగండి.

(ప్రశ్న: మేడం, జ్వరంలో ఫిట్స్ వస్తే ఏం చేయాలి? మా అత్తగారు చేతిలో తాళాలు పెట్టమంటారు.)

తాళాలు వద్దమ్మా, ఉల్లిపాయా వద్దు, నోట్లో చెంచా అసలే వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేయండి, గడియారం చూడండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు కాసేపట్లో వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకి హాని చేయవు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఆగిపోయినా, మొదటిసారి అయితే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

(ప్రశ్న: పోయినసారి రాసిన యాంటీబయాటిక్ సగం మిగిలింది, మళ్ళీ అదే దగ్గు వస్తే పోయొచ్చా?)

వద్దు సార్. ఒకటి, కలిపిన సిరప్ కొన్ని రోజులే పనిచేస్తుంది. రెండు, జలుబు దగ్గుల్లో ఎక్కువ భాగం వైరస్‌వి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. అంత కష్టపడి తెచ్చిన మందులు మనం అవసరం లేని చోట వాడి పనికిరాకుండా చేసుకుంటున్నాం. రాసినప్పుడు చెప్పినన్ని రోజులు వాడండి, మిగిలింది దాచకండి.

(ప్రశ్న: పిల్లలకి బాగోలేనప్పుడల్లా ప్రొద్దుటూరు నుంచి మా అమ్మని పిలిపిస్తున్నాం. ఆవిడకి 68 ఏళ్ళు. అలా పిలవడం తప్పా?)

తప్పెందుకమ్మా, పిల్లకి అమ్మమ్మ పక్కనుంటే ఉండే ధైర్యం వేరు. కానీ పిలిచేముందు రెండు చూసుకోండి. పిల్లకి ఉన్నది ఫ్లూ లాంటిదైతే ఆ వయసులో ఆవిడకి అంటుకుంటే పిల్ల కంటే ఎక్కువ ఇబ్బంది పడతారు. అందుకని ఆవిడకి ఏటా ఫ్లూ టీకా వేయించమని వాళ్ళ డాక్టరుని అడగండి, మొదటి రెండు రోజులు మీరిద్దరే చూసుకుని ఆ తర్వాత రమ్మనండి. వచ్చేటప్పుడు బీపీ, షుగరు మాత్రలు, చీటీలు తెచ్చుకోమనండి, ఇక్కడికొచ్చి హడావుడిలో మానేసేవాళ్ళు చాలామంది. ఆవిడ పిల్ల దగ్గర కూర్చుని కథలు చెప్తే చాలు. వంట, రాత్రి మేలుకోవడం మీ ఇద్దరి వంతులోనే ఉంచండి. మీ ఆయన కూడా వచ్చారా? ఆయనకి కూడా ఇదే చెప్పండి, లేదా ఇప్పుడే పిలవండి, నేనే చెప్తాను.